పీతచేతుల రొయ్య

గట్టు దిగి, నెర్రెలిచ్చిన బురద దాటి నీళ్ల దగ్గరికి చేరేసరికే ఆమెకు ఆయాసం వచ్చింది. నిరుడు ఈ రోజుల్లో కడవ ముంచుకున్న చోట ఇప్పుడు మేకలు మేస్తున్నాయి. కరీబా సరస్సు వెనక్కి జరిగినంత మేరా మనుషులు దాని వెంట నడవాల్సిందే. ఆమె మోకాళ్లు మాత్రం ఒప్పుకోవడం మానేసి చాలాకాలమైంది.

పెద్దకూతురు చిముకా పుట్టినప్పటినుంచి ఊరంతా ఆమెను బినా చిముకా, అంటే చిముకా తల్లి అనే పిలుస్తుంది. అసలు పేరు తలిచేవాళ్లు ఒక్కొక్కరే పోయారు.

భర్త సియత్విందా దోనె అంచున కూర్చుని వల విదిలిస్తున్నాడు. వలలో బ్రీమ్ చేపల తలలున్నాయి, వెన్నుముళ్లున్నాయి. కండ లేదు.

"రా, చిముకా అమ్మా, చూడు. తలకాయలు మనకి, ఒళ్లు వాళ్లకి."

వాళ్లంటే వల కళ్లు పట్టుకుని వేలాడుతున్న పురుగులు. రొయ్యకు పీతచేతులు అతికించినట్టుంటాయి. ఎవరో ఎక్కడో చెరువుల్లో పెంచుకుందామని తెప్పించారట, వరదలో గట్టు దాటి ఇటొచ్చాయట. వలలో పడ్డ చేపను పడ్డట్టే తింటాయి, గుడ్లు తింటాయి, నాచు తింటాయి, చివరికి వల కూడా కొరుకుతాయి. మొసళ్లూ నీటికాకులూ వాటిని తింటూనే ఉన్నాయి గానీ, తిన్నవాటికంటే పుట్టేవే ఎక్కువ. సియత్విందా ఒక్కొక్కదాన్నీ పీకి, రాయితో చితక్కొట్టి, ఒడ్డున పారేశాడు. రోజూ చేసే పనే. కోపం కూడా లేదు అందులో.

జాంబేజీ నదికి ఆనకట్ట కట్టి నీళ్లు ఆపినప్పుడు బినా చిముకా పసిబిడ్డగా తన తల్లి వీపున మూటలో ఉంది. నది ఒడ్డు పొలాలు వదిలించి, లారీలెక్కించి, రాళ్లగుట్టల మీద దింపారు. ఆమెకు ఊహ తెలిసేసరికి కింద నది లేదు, అవతలి ఒడ్డు కనపడని నీళ్లున్నాయి. మొదట్లో ఆ నీళ్లమీద ఆకుపచ్చ నాచు చాప పరిచినట్టు అల్లుకుంది. కొంగలు దానిమీద నడిచిపోయేవి, దోనెలు కదిలేవి కావు. తర్వాత అది దానంతటదే పలచబడింది. ఆపైన ఉత్తరాన ఇంకేదో సరస్సునుంచి వేలెడంత వెండిచేపను తెచ్చి ఇందులో వదిలారు. కపెంటా. అదీ ఇక్కడే ఉండిపోయింది.

"రేపు చెట్లలోకి పోదాం. లోతున్నచోట ఈ పురుగులు తక్కువ. నా మోచెయ్యి పట్టేసింది, తెడ్డు నువ్వు పట్టాలి" అన్నాడు సియత్విందా.

"అక్కడ మొసలి ఉంది."

"ఎక్కడ లేదు?"

చెట్లంటే ఒకప్పటి అడవి. మునిగి చచ్చిన మోపానే చెట్లు కుళ్లిపోకుండా ఇనుపకడ్డీల్లా ఇంకా నిలబడే ఉన్నాయి. నీళ్లు తగ్గి ఈ ఏడు కింది కొమ్మలు కూడా బయటపడ్డాయి. బ్రీమ్ చేపలు వాటి మొదళ్లలో దాక్కుంటాయి. అక్కడే వలలు చిక్కుకుంటాయి కూడా.

ఉన్నవాటిలో మంచి వల అక్కడే వేశారు. మర్నాడు పొద్దున్నే తీయబోతే సగం వచ్చి ఆగిపోయింది. సియత్విందా లాగాడు, దోనె తిప్పించి మళ్లీ లాగాడు. కింద ఏదో కొమ్మ పట్టేసింది. అతను అంచుమీద బోర్లా పడుకుని భుజందాకా చెయ్యి నీళ్లలో పెట్టాడు.

ఎదురుగా ఎండుకొమ్మ మీదున్న నీటికాకులు ఒక్కసారిగా లేచాయి. వాటి కింద నీళ్లమీద రెండు కళ్లు తేలి, మళ్లీ మునిగాయి.

"చెయ్యి తియ్యి" అంది బినా చిముకా.

"ఉండు, దొరికింది."

"చిముకా నాన్నా, చెయ్యి తియ్యి."

"మంచి వలే ఇది. ఇదొక్కటే మిగిలింది."

ఆమె తెడ్డు పడేసి, అతని రెక్క పట్టి వెనక్కి లాగి, కాళ్ల దగ్గరున్న కత్తితో వల కోసేసింది. దోనె ఊగి నీళ్లు లోపలికొచ్చాయి. చెయ్యి ఉన్నచోట నీళ్లు ఉబ్బి, సద్దుమణిగాయి. ఏదో పెద్దది కిందనుంచి పోయింది.

దోనెను ఒడ్డుకు లాగాక అతను తెగిన వల ముక్కను చేతుల్లోకి తీసుకుని చూశాడు. దాన్నిండా పురుగులే.

"నా వల కోసేశావు."

"నీ చెయ్యి పోతే ముద్ద ఎవరు కలిపిపెడతారు? నా వల్ల కాదు, ముసలాడా. నా ఓపిక కూడా అయిపోయింది."

ఆ రోజు అతను పురుగుల్ని చితక్కొట్టలేదు. ఆమె వాటిని ఏరి కుండలో వేసుకుంది. పక్కింటి బినా న్జోవు గుమ్మంలోంచి చూసి నవ్వింది.

"ఏంటమ్మా, పురుగులు వండుతున్నావా? రేపు తేళ్లు కూడా ఏరుకొస్తావా?"

"తేళ్లకి కండ తక్కువ. పులుసైతే నీకూ ఓ గిన్నె పంపుతాను, మూతి కడుక్కుని ఉండు."

చింతపండు, ఉప్పు వేసి ఉడికిస్తే అవి ఎర్రగా అయ్యాయి. జొన్నముద్ద పక్కన పెట్టి భర్త ముందుకు జరిపింది. అతను చెయ్యి కడుక్కుని అలాగే కూర్చున్నాడు.

"మా అమ్మ చూస్తే ఏమనేది?"

"మీ అమ్మా? కపెంటా వచ్చిన కొత్తలో, ఊరూపేరూ లేని చేప, నా గుమ్మం తొక్కనివ్వను అంది గుర్తుందా? కరువొచ్చిన ఏడు తనే అడిగింది. 'ఆ దిక్కులేనిదాన్ని ఇలా వెయ్యవే కోడలా. మనల్నీ లారీలోనే కదా తెచ్చి పడేశారు' అంది. నేను వేశాను. రెండోసారి కూడా అడిగి తింది."

"నాకు తెలీదు."

"నువ్వు నీళ్లమీదున్నావు. ఎప్పుడు ఇంట్లో ఉన్నావు గనక."

సియత్విందా ఒకదాన్ని విరిచాడు. పెంకు ఒలవడం చేతకాక వేలు కోసుకున్నాడు. లోపలి కండ చిటికెడు. ముద్దతో కలిపి నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"చేప కాదు."

"కాదు."

ఇంకొకటి తీసుకున్నాడు.

ఆ తర్వాత అతను చెట్లలోకి పోలేదు. మిగిలిన వల ముక్కను రెల్లు చట్రాలకు కట్టి గూళ్లు చేశాడు. చేపతలలు ఎరగా వేసి, మోకాలి లోతులో దించుతాడు. ఒక్కోరోజు ఇద్దరికీ సరిపడా దొరుకుతాయి, ఒక్కోరోజు గూళ్లు కూడా కొరికేసి ఉంటాయి. బినా న్జోవు కూడా ఒక గూడు అడిగి తీసుకుంది గానీ, వండేటప్పుడు తలుపేసుకుంటుంది.

వానలొచ్చాయి. నీళ్లు కొంచెం పైకొచ్చి మేకలు మేసిన బురదలో సగం మునిగింది. "నడక తగ్గింది కదా" అన్నాడు సియత్విందా. బినా చిముకా గూడు ఎత్తి నీళ్లు కారనిచ్చింది.

"తగ్గింది. ఈ ఏటికి" అని, మోకాలు పట్టుకుని గట్టెక్కసాగింది.