మా బావ గేజి ముట్టుకోడు

మా అక్క మొగుణ్ణి లారీల యార్డులో అందరూ నిదానం అంటారు. హారన్ కొట్టాలన్నా ఒకసారి ఆలోచించుకునే మనిషి. ఇరవై రెండేళ్లుగా ఒకే ఓనరు దగ్గర ఒకే లారీ తోలుతున్నాడు. ఇన్నేళ్లలో ఒక్క కోడిపిల్లను కూడా తొక్కించలేదు. పొద్దున్నే బండి చుట్టూ తిరిగి టైర్లను అరచేత్తో తడుముతాడు. తర్వాత భుజం మీది తెల్లగుడ్డతో ఇంజను ఆయిల్ గేజి కడ్డీని తుడిచి, ముంచి, తీసి, వెలుతురుకు పెట్టి చూస్తాడు. ఆ గుడ్డను మా అక్క రోజూ ఉతికి మడతపెట్టి ఇవ్వాల్సిందే. ఇంట్లో ఆయనకున్న ఒకే ఒక్క మొండిపట్టు అది.

నాకు మీసాలు రాకముందు నన్ను తన ఇంట్లో పెట్టుకుని మెకానిక్ పనికి కుదిర్చింది ఆయనే. ఇప్పుడు యార్డు పక్కన నాకొక షెడ్డుంది, నలుగురూ నన్ను మేస్త్రీ అంటారు. అలాంటి మనిషిని పదిమందిలో దొంగను చేశాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. దాచుకుంటే ఇంకా సిగ్గు, అందుకే చెబుతున్నాను.

లారీ ముసలిదైంది. ఒకరోజు బావ దాన్ని షెడ్డుకు తెచ్చాడు.

“పొద్దున పూట మొరాయిస్తోందిరా. చేతి పంపు నాలుగుసార్లు కొట్టి డీజిల్ ఎక్కిస్తేగానీ అందుకోవడం లేదు. మధ్యాహ్నమైతే తాళం తిప్పగానే లేస్తోంది. ఇంకోటి, ఇంజను ఆయిల్ తగ్గిపోతోంది. రెండు రోజులకో లీటరు పోస్తున్నా. కింద చుక్క లేదు, వెనక పొగ లేదు.”

“రింగులు పోయాయి బావా,” అన్నాను.

“రింగులు పోతే పొగ రావాలి కదరా. ఒకసారి గాలి ట్యాంకు వైపు కూడా...”

“నువ్వు బండి తోలు బావా. లోపలి సంగతి నాకొదిలేయ్.”

నా జబ్బే అది. రెండు రోగాలు చెబితే రెండింటికీ ఒకే కారణం చూపించి, వినేవాళ్లు ముక్కున వేలేసుకునేలా చెయ్యాలి. పిస్టను రింగులు అరిగితే ఇంజనులో బిగువు తగ్గుతుంది, అందుకని పొద్దున లేవదు. ఆ సందులోంచే ఆయిల్ పైకెక్కి కాలిపోతుంది. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. ఇంజను విప్పాను. ముసలి ఇంజను విప్పితే అరిగినవి కనబడకుండా ఉంటాయా? కనబడ్డాయి. కొత్త రింగులు వేసి, వారం తర్వాత బిగించి, యార్డంతా వినేలా అన్నాను: “ఇక చుక్క తగ్గితే మీసం గొరిగించుకుంటా.”

మూడు వారాలకు ఓనరు వచ్చాడు. ఆయిల్ మునుపటిలాగే తగ్గుతోందట, పొద్దున మునుపటిలాగే మొరాయిస్తోందట. ఏడెనిమిది మంది డ్రైవర్లు టీ గ్లాసులతో నిలబడి వింటున్నారు. బావ కూడా ఉన్నాడు. నా మీసం మీద అందరి కళ్లూ పడ్డట్టు అనిపించింది.

“మరి ఆయిల్ ఎటు పోతున్నట్టు?” అన్నాడు ఓనరు.

“ఇంజను నేను బిగించింది. కారదు, కాలదు. ఇక మిగిలింది మనిషే,” అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. తెలియదనడం కూడా అబద్ధమే. నా పేరు పోతుందని భయపడ్డాను, పక్కన ఆయన పేరు కనబడింది, దాన్ని అడ్డం పెట్టుకున్నాను. బావ నావైపు చూశాడు. భుజం మీది గుడ్డ తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తాళం ఓనరు చేతిలో పెట్టి నడిచి వెళ్లిపోయాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, ఆ మడ్డి నూనె ఎత్తుకొచ్చి మేమేం చేసుకుంటామురా? పోపు వేసుకుంటామా?”

నేనేదో నసిగేలోపే పెట్టేసింది.

ఓనరు కొత్త డ్రైవరును పెట్టాడు. పది రోజులు తిరగకుండానే అతను షెడ్డు ముందు బండి ఆపాడు. ఆయిల్ తగ్గుతూనే ఉంది, పొద్దున మొరాయిస్తూనే ఉంది. పైగా బ్రేకు రెండుసార్లు తొక్కితే గాలి మీటరు ముల్లు పడిపోతోందని చెప్పాడు. బ్రేకులకు గాలి నిలవుండే ట్యాంకు కిందికి దూరాను. దాని అడుగున, గాలిలో తేమకు చేరే నీళ్లు వదిలే చిన్న కుళాయి ఉండాలి. కుళాయి లేదు. దాని స్థానంలో ఒక బోల్టు ఉంది.

బోల్టును చూడగానే గుర్తుపట్టాను. పోయిన వానాకాలంలో కుళాయి కారుతుంటే, కొత్తది దొరక్క, రేపు మారుస్తానని బిగించింది నేనే. ఆ రేపు రాలేదు. విప్పగానే నల్లటి ఆయిల్ నా ఛాతీ మీద పడింది. బకెట్టు పెడితే సగం పైగా నిండింది. గాలి కొట్టే కంప్రెసర్ అరిగిపోయి ఇంజను ఆయిల్‌ను ట్యాంకులోకి నెడుతోంది. కుళాయి ఉండి ఉంటే, రోజూ నీళ్లు వదిలే బావ మొదటి రోజే చూసేవాడు. ఆయన చూడకుండా మూసింది నేను.

డీజిల్ పైపు కూడా అప్పుడే తడిమాను. రబ్బరు దగ్గర వెంట్రుకంత పగులు. రాత్రంతా అందులోంచి గాలి చొరబడి, డీజిల్ వెనక్కి దిగిపోతోంది. చేతి పంపు కొడితే లేస్తోందని బావ చెప్పిన మాటకు అర్థం అదే. రెండు రోగాలు, రెండు కారణాలు, రెండూ ఆయన నోట విన్నవే.

మర్నాడు మీసం గొరిగించుకుని, ఓనర్ని పిలిపించి, టీ వేళకు బకెట్టు యార్డు మధ్యలో పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఓనరు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి బావకు తాళం ఇచ్చాడు. అక్క లోపలి నుంచి రాలేదు. బావ నా మొహం చూసి, “నోరు జారితే మీసం ఏం చేసిందిరా?” అన్నాడు. ఆయన నన్ను ‘రా’ అనడం అదే ఆఖరు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే లారీ మా షెడ్డు ముందు ఆగుతుంది. కంప్రెసరూ పైపూ మార్చాక తాళం తిప్పగానే లేస్తోంది. బావ దిగి, చుట్టూ తిరిగి, టైర్లు తడిమి, ఇంజను మూత ఎత్తుతాడు. అక్క ఉతికి మడతపెట్టిన తెల్లగుడ్డ నా చేతికిస్తాడు. చేతులు వెనక్కి కట్టుకుని రెండడుగులు దూరంగా నిలబడతాడు.

“ఆయిల్ చూడండి మేస్త్రీ,” అంటాడు.

తుడిచి, ముంచి, తీసి చూస్తాను. నిండుగా ఉందని చెబుతాను.

“మీరే చూశారుగా,” అని గుడ్డ తీసుకుని బండెక్కుతాడు.