తిట్టుకు పుట్టిల్లు

మా బాబాయిని తిడితే కోపం రాదు; ఆ తిట్టు పుట్టిల్లు ఎక్కడో వెతుకుతాడు. నిఘంటువులు వేసే ప్రెస్సులో ముప్ఫయ్యేళ్లు ప్రూఫులు దిద్దిన ఫలితం. ఒకసారి బస్సు డ్రైవరు "అప్రాచ్యుడా, తప్పుకో!" అని అరిస్తే రోడ్డు మధ్యలోనే నిలబడి, "తూర్పువాడు కానివాడని అర్థం నాయనా. నిజమే, మా ఇల్లు పడమటి వైపు" అన్నాడు. వెనక పదిహేను బళ్లు ఆగిపోయాయి.

ఇల్లు, ప్రెస్సు, టీ బడ్డీ ఒకే వీధిలో ఉండటంతో ఆ వీధి దాటేవాడు కాదు. అందుకే మా భవన సంఘం అధ్యక్షుడు, పద్నాలుగు దేశాలు చూసొచ్చిన పెద్దమనిషి, ఆయనకు "పెరోకియల్" అని బిరుదిచ్చాడు. సంకుచితుడనే మాటను ఇంగ్లీషులో అంటే తిట్టు కాదని ఆ అధ్యక్షుడి నమ్మకం. విచిత్రంగా బాబాయి ఆ మాట జోలికి పోలేదు. అడిగితే, "నిలవ పెట్టానురా" అన్నాడు.

ఓ ఆదివారం పొద్దున మీటింగు. మూడు నెలల క్రితం కింది వాటాలో దిగిన దర్జీని ఖాళీ చేయించాలని తీర్మానం. నేరం: ఎక్కణ్ణుంచో వచ్చాడు, యాస వేరు. దర్జీ మెళ్లో టేపుతో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆ గది పోతే మిషను పెట్టుకునే చోటు లేదు.

"నేనొప్పుకోను" అన్నాడు బాబాయి.

"వీధి దాటని మీకేం తెలుసండీ లోకం?" అన్నాడు అధ్యక్షుడు.

"వీధి అవతల కూడా ఉందాండీ?"

"విన్నారా! పెరోకియల్!"

బాబాయి మొహం వెలిగింది. "ఒక్క నిమిషం!" అంటూ నిఘంటువు తెచ్చాడు. జనం మూలిగారు.

"మూలం గ్రీకు. పొరుగున కాపురమున్న పరాయివాడని అర్థం. అలాంటివాళ్ల గుంపు పేరే తర్వాత చర్చి కింది పేటకు పేరైంది. ఆ పేట దాటని బుద్ధికి చివర్న అంటుకుంది. పరాయివాడిగా బయల్దేరిన మాట, ఇప్పుడు పరాయివాణ్ణే పొమ్మంటోంది! అధ్యక్షులవారూ, తమరి సొంతూరు ఇదేనా?"

"కాదు... ఉద్యోగానికొచ్చాం."

"పై వాటా టీచరమ్మా?"

"మేమూ అంతేనండీ."

"అయితే ఖాళీ చెయ్యడం ఏ అంతస్తు నుంచి మొదలెడదాం?"

నవ్వులతో హాలు దద్దరిల్లింది. చేతులన్నీ దర్జీ వైపే లేచాయి. అధ్యక్షుడి చెయ్యి కాస్త ఆలస్యంగా, సగం దాకా లేచింది.

మీటింగయ్యాక నేను నిఘంటువు ఇంటికి మోసుకెళ్తుంటే, ఆ మాటున్న పేజీలో గుర్తుకు పెట్టిన పూల గుడ్డ పేలిక జారిపడింది. దర్జీ కత్తిరింపు ముక్క!

"బాబాయ్! ముందే చూసి, కావాలని తిట్టించుకున్నావా?"

"తిట్టించుకోవడం అంత తేలికట్రా? ఎంత ఎర వెయ్యాల్సొచ్చిందో!"

కింద అధ్యక్షుడు మెట్లు దిగుతూ గొణిగాడు: "ఒట్టి ఛాందసుడు!"

బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఆయన్ని వెళ్లనివ్వకురా! రెండో సంపుటం ఎక్కడ?"