ప్రిన్సిపాల్ గారి ఉమ్మి

ఆ రోజుల్లో మావైపు ప్రైవేటు కాలేజీలు లెక్చరర్ ఉద్యోగం ఇచ్చేముందు ‘డెమో’ అడిగేవి. అంటే మనల్ని పిల్లల ముందు నిలబెట్టి పాఠం చెప్పించుకుని, వెనక బెంచీలో కూర్చున్న ప్రిన్సిపాల్ మన తలరాత తేల్చేవారన్నమాట. తొంభైల చివర్లో నందిగామలోని ఒక జూనియర్ కాలేజీలో నాకా యోగం పట్టింది. అదీ పోతే జగ్గయ్యపేటలో బాబాయి ఎరువుల కొట్లో బిల్లులు రాయాలని ఇంట్లో తీర్మానించేశారు. (బాబాయి మంచివాడే. ఆ కొట్టు వాసనే నాకు పడదు.)

పాఠం ఎంజైములు. నోటితో ఎవరైనా చెబుతారు, నేను చేసి చూపిస్తానని గొప్పకు పోయాను. గంజిలో అయోడిన్ చుక్క వేస్తే నీలం వస్తుంది. అదే గంజిలో కాస్త ఉమ్మి కలిపి గుప్పిట్లో వెచ్చగా పట్టుకుంటే, ఉమ్మిలోని ఎంజైము గంజిలోని పిండిపదార్థాన్ని ముక్కలు చేసేస్తుంది, ఇక నీలం రాదు. “ఎన్ని గుడ్డలు కత్తిరించినా కత్తెర తరిగిపోదు కదా, ఎంజైమూ అంతే” అని ధాటిగా చెప్పి, గాజు గొట్టం నోటి దగ్గర పెట్టుకున్నాను. భయంతో నోట్లో తడి అన్నది లేదు.

ముందు బెంచీ పిల్ల జాలిపడి, జామెట్రీ బాక్సులోంచి ఉప్పూకారం అద్దిన చింతకాయ తీసి, “చప్పరించండి మేడమ్, ఊరుద్ది” అంది. చప్పరించాను. ధారాళంగా ఊరింది. గంజిలో కలిపి, కాసేపాగి, చుక్క తీసి అయోడిన్ వేశాను. నీలం. మళ్ళీ ఆగాను. నీలమే. ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకుని, “ఏమ్మా, మీ కత్తెర మొద్దుబారిందా?” అన్నారు. కొట్లోని యూరియా బస్తాలు కళ్ళముందు కనిపించాయి.

అప్పుడు వెలిగింది. “పులుపు సార్” అన్నాను. “వేడి చాలకపోతే ఎంజైము నెమ్మదిస్తుంది, మరిగిస్తే పాడైపోతుంది, పులుపెక్కువైతే పని మానేస్తుంది. చింతకాయ తినని ఉమ్మి కావాలండి.” పిల్లలంతా మూతులు మూసుకుని నవ్వారు. ఒక్కరూ ముందుకు రాలేదు. ప్రిన్సిపాల్ గారే లేచి, నోరు పుక్కిలించి వచ్చి, “అటు తిరగండర్రా” అని నా చేతిలోంచి గొట్టం తీసుకున్నారు. కొత్త గంజిలో కలిపితే, ఈసారి చుక్క చుక్కకీ నీలం పలచబడి, చివరికి మాయమైంది.

“నాది ఫాస్టేనా అమ్మా?” అన్నారు వాచీ చూసుకుంటూ. “ఎంజైము ఎంత ఎక్కువుంటే అంత ఫాస్టు సార్” అన్నాను. (అబద్ధమేం కాదు.) ఆయన ముఖం వెలిగిపోయింది. “సోమవారం వచ్చి జాయినవ్వండి. ఇందాకటి సంగతి మాత్రం స్టాఫ్‌రూములో అనకండి” అన్నారు. జగ్గయ్యపేట బస్సెక్కి సీట్లో కూలబడ్డాను. హమ్మయ్య అనుకుంటూ ఇల్లు చేరాను.

ఇప్పుడు డెమోలప్పుడు వెనక బెంచీలో కూర్చునేది నేనే. ఈనాటి పిల్లలు తెరమీద బొమ్మలు చూపించి, తడబడకుండా చెప్పి దిగిపోతారు. వాళ్ళలో ఒక్కరైనా నోరెండిపోయి నిలబడితే, లేచి వెళ్ళి ఆదుకుందామని సిద్ధంగా కూర్చుంటాను. ఇంతవరకూ నా ఉమ్మి ఎవరికీ అవసరపడలేదు.