వినే తీగకి మట్టిగాజులు

మా చిన్నప్పుడు... ధనుర్మాసం చలిలో తెల్లవారుజామున ఊళ్లో ఆడవాళ్లంతా ముగ్గులు వేస్తుంటే, మా అమ్మ మాత్రం చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని రేడియో ముందు కూర్చునేది. వాకిలి నాకు వదిలేసేది. నా వంకర ముగ్గులు చూసి వీధి వీధంతా నవ్వుకునేది...

మాది దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఓ పల్లె. నాన్న రైసుమిల్లులో పనిచేసేవాడు. ఆయనకి హామ్ రేడియో పిచ్చి. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లో కూర్చునే దేశదేశాలవాళ్లతో మోర్స్ కోడ్‌లో మాట్లాడేవాడు. అదే, టెలిగ్రాఫ్‌లో టిక్కుటిక్కుమనే భాష. తేలికైన బ్యాండ్లు బోలెడుంటే ఈయనకి అన్నిటికంటే కిందదే కావాలి. నూట అరవై మీటర్ల బ్యాండ్ అంటారు దాన్ని. పగలు దూరాలు అందవు. సూర్యుడు పొడిచే ముందు కాసేపు మాత్రం భూమికి అటువైపు నుంచి కూడా సన్నగా ఓ పిలుపు తేలి వస్తుంది. వెలుగు రాగానే పోతుంది. దానికి కావలసినంత పొడుగు తీగ ఇంటి దొడ్లో ఎక్కడ పడుతుంది...

అందుకని ఇంటి వెనకే ఉన్న చేలో రెండు తీగలు కట్టాడు. తాడిచెట్ల మీద నుంచి దిగేది మాట్లాడే తీగ. గట్టు వెంట సరుగుడు గుంజల మీద, నడుం ఎత్తున, కాలువ దాకా పడమటికి సాగేది వినే తీగ.

తీగ గుంజకి తగలకూడదు, మధ్యలో పింగాణీవి ఏవో పెట్టాలి. అవి బెజవాడ వెళ్తేగానీ దొరకవని నాన్న గొణుక్కుంటుంటే, అమ్మ తన చేతి మట్టిగాజు తీసి ఇచ్చింది. గాజులోంచి కరెంటు పోదని మీరే చెప్పారుగా అంది. అంతే... గుంజకో గాజు వేలాడదీసి, వాటిలోంచి తీగ దూర్చుకుంటూ పోయారిద్దరూ. ఏ గేదో రాసుకుని గాజు చిట్లితే, నాన్న అక్కడ తీగ కత్తిరించి, అమ్మ చేతిది ఇంకోటి ఎక్కించి మళ్లీ మెలేసేవాడు. అందుకే అమ్మ చేతులు ఎప్పుడూ సగం బోసిగా ఉండేవి.

ఊళ్లో ఆడవాళ్లకి ఇది ఇంకోలా అర్థమైంది. గుంజగుంజకీ గాజులంటే అమ్మవారి మొక్కు కాక మరేంటి? ఓ శుక్రవారం చూద్దుం కదా, గుంజలన్నిటికీ పసుపు, కుంకుమ బొట్లు! పక్కింటి వీరమ్మ పిన్ని అయితే తన కూతురి కాన్పు సుఖంగా జరగాలని రెండు ఎర్రగాజులు కూడా కట్టి వెళ్లింది. నాన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. ఉండనివ్వండి, వినే తీగేగా, వాళ్ల గోడు కూడా వింటుంది అని అమ్మ నవ్వేసింది. ఆ తర్వాత గాజు చిట్లినప్పుడు ఆ ఎర్రగాజులే తీగకి ఎక్కాయి.

నాన్న చెయ్యి చాలా చురుకు. చెవే... మిల్లు మోతకి సన్నటి చప్పుళ్లు అందేవి కావు. అమ్మది హంసలదీవి. సముద్రం హోరులో దూరపు కేకలు పట్టుకుంటూ పెరిగిన మనిషి. నాన్న దగ్గరే ఆ టిక్కుల భాష నేర్చుకుంది. ఆమె విని ఒక్కో అక్షరం చెప్తే, నాన్న మీట నొక్కి జవాబిచ్చేవాడు. వాళ్లిద్దరికీ ఒకటే ఆశ... మా పల్లె నుంచి భూమికి అటువైపున్న పెరూ దేశం అందుకోవాలని. ఎన్ని చలికాలాలు ఎదురుచూశారో.

ఓ పొద్దున అమ్మ చెయ్యెత్తింది. మేం ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు. ఒక్కో అక్షరం చెప్పింది... నాన్న జవాబు కొట్టాడు... అవతలాయన అందుకున్నాడు! నాన్నకి ఒక్క టిక్కు కూడా వినపడలేదు. అయినా ఆ రోజు ఊరంతా తిరిగి, మేం పెరూతో మాట్లాడాం అని చెప్పుకున్నాడు. అమ్మ సిగ్గుపడిపోయింది.

తర్వాతి ధనుర్మాసం అమ్మ చూడలేదు. కోతలైన కొత్తల్లో, ఓ సాయంత్రం గుండెల్లో నొప్పి అంది. బందరు తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది.

మర్నాడు పొద్దున్నే స్నానం చేయించి, పసుపు రాసి, కొత్త చీర కట్టారు. పుణ్యస్త్రీని బోసి చేతులతో పంపకూడదు, మట్టిగాజులు కావాలన్నారు. అవనిగడ్డ నుంచి తెస్తామని ఎవరో సైకిలు తీశారు. నాన్న వద్దన్నాడు. అరుగు మీంచి లేచి, కటింగ్ ప్లేయర్ తీసుకుని చేలోకి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను.

గాజు పగలకుండా రావాలంటే తీగ కొయ్యాల్సిందే. ప్రతి గుంజ దగ్గరా ఆగి కోశాడు. మంచుకి తడిసిన గాజులు ఒక్కొక్కటీ నా లంగా ఒళ్లో వేశాడు. తీగ ముక్కలు ముక్కలై అప్పుడే మొలిచిన మినుము మీద పడిపోయింది.

అమ్మ రెండు చేతుల నిండా అవే తొడిగారు. వాటిలో తన ఎర్రగాజులు చూసి వీరమ్మ పిన్ని గోడకి తల ఆనించి ఏడ్చింది.

నాన్న మళ్లీ ఆ తీగ కట్టలేదు. బెజవాడ నుంచి తోటి హామ్‌లు వచ్చి, మంచి పింగాణీవే తెచ్చాం, మేం కట్టిపెడతాం అన్నా వద్దన్నాడు.

ఇప్పుడా చేను రొయ్యల చెరువు. నాన్న గుడివాడలో మా దగ్గరే ఉంటాడు. ఇప్పటికీ తెల్లవారుజామున బాల్కనీ గ్రిల్లుకి తీగ ముక్క తగిలించి, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటాడు. చుట్టూ ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు... రేడియో నిండా బుర్రుమని ఒకటే రొద. మొన్న పక్కన కూర్చుని, ఏమైనా వినపడుతోందా నాన్నా అని అడిగాను.

"నాకెప్పుడు వినపడిందే... మీ అమ్మ వినేది, నాకది చాలేది" అన్నాడు.

ఇప్పుడు పెరూలో మనిషి కావాలంటే ఫోన్‌లో చిటికెలో దొరుకుతాడు. అమ్మ చెయ్యెత్తగానే ఇల్లంతా ఊపిరి బిగబట్టిన ఆ పొద్దు మాత్రం ఎక్కడా దొరకదు...

మీ ఇళ్లల్లో కూడా ఇలా ఇంకొకరి కోసం చెవులొగ్గి కూర్చున్న మనుషులు ఉండేవారా? ఉంటే కింద రాయండి. నాన్నకి చదివి వినిపిస్తాను... కాస్త గట్టిగా.