నా చెవులను నమ్మిన ఉస్తాద్

ఆడియో షోలో తిరుగుతూ రాసుకున్న నోట్సు ఇంకా నా దగ్గరే ఉంది. మొదటి పేజీలో ఇలా ఉంది: "రెండో అంతస్తు, మూలగది. మనిషంత ఎత్తు స్పీకర్లు. డోలు మోత వచ్చి కడుపులో తగులుతోంది. పాడే ఆయన రెండు స్పీకర్ల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నట్టే ఉంది. తంబురా తీగ మీద ఆ సన్నని జీర ఆరిపోయేదాకా స్పష్టం." డోలు నేను విన్నదే. పాట నేను విన్నదే. తంబురా సంగతి మాత్రం పక్క కుర్చీలో ఉన్నాయన తన స్నేహితుడితో అంటుంటే విని రాసుకున్నాను. ఆయన మాట నాకు వినబడింది, తంబురా జీర వినబడలేదు.

నేనుండేది ఉప్పుగూడలో. ఉద్యోగం కంచన్‌బాగ్ దాటాక ఒక ప్రైవేటు ఫోర్జింగ్ షెడ్డులో. ఎర్రగా కాలిన ఇనుప ముద్దల్ని సుత్తి మిషను కింద పెట్టి ఆకారం తెప్పించే పని. ఇరవై ఆరేళ్లుగా అక్కడే, ఇప్పుడు సూపర్‌వైజరును. చెవుల్లో పెట్టుకోమని ఇచ్చిన మెత్తటి ప్లగ్గులు ఎప్పుడూ నా చొక్కా జేబులోనే ఉండేవి. కింది వాళ్లు పెట్టుకోకపోతే గదమాయించేవాణ్ని, నేను మాత్రం పెట్టుకునేవాణ్ని కాదు. మిషను శబ్దంలో తేడా వస్తే ఉత్త చెవితో కనిపెట్టగలనని నాకు మహా గొప్ప.

ఆ గొప్పే పాటల దాకా పాకింది. ఊరంతటి నుంచీ స్పీకర్ల పిచ్చోళ్లం ఒక వాట్సాప్ గ్రూపుగా ఉన్నాం. ఏ స్పీకరు ఎలా పలుకుతుందో, ఏ హెడ్‌ఫోను ఎవరికి నప్పుతుందో నేను రాస్తే అందరూ చదువుతారు. "చెవి అంటే ఆయనదే" అని ఎవరో ఒకసారి రాస్తే ఆ మెసేజీని దాచుకున్నాను. మా ఆవిడ ఒక్కతే, "కుక్కర్ కూత ఇనబడదు గాని పాటలకు తీర్పులు చెప్తరు" అని దెప్పేది. నేను నవ్వేసేవాణ్ని.

ఉస్తాద్ నాకు పరిచయమైంది గౌలిపురలో, పగిలిన స్పీకర్లకు కోన్ మార్చే తన దుకాణంలో. అరవై దాటాయి. పెళ్లి బ్యాండ్ల డబ్బాలు, గుళ్లవీ మసీదులవీ మైకు స్పీకర్లు, వినాయక మండపాలవి, అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. చిరిగిన కాగితపు కోన్ తీసేసి కొత్తది అతికించి, రెండు వేళ్లతో మెత్తగా నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని "బస్" అనేవారు, ఇక చాలని. అంతే పరీక్ష. ఆయన బస్ అన్న స్పీకరు తిరిగి రావడం నేను చూడలేదు.

ఒక ఏడాది పాటు ఆయన తన కోసం ఒక జత స్పీకర్లు చేసుకున్నారు. పాత ఇళ్ల తలుపుల నుంచి వచ్చిన టేకు చెక్కతో డబ్బాలు, ఒక్కోదాంట్లో పెద్ద స్పీకరు ఒకటి, సన్నని శబ్దాలకు చిన్నది ఒకటి. ఈసారి ఆడియో షోలో ఊళ్లోవాళ్లు చేసినవాటికి మా గ్రూపుకు ఒక గది ఇచ్చారు. నేనే ఉస్తాద్ పేరు చెప్పాను. నాలుగు నుంచి ఐదు దాకా ఆయనకు ఒక గంట దొరికింది.

ఆ కబురు చెబితే ఆయన చేతిలోని జిగురు డబ్బా కింద పెట్టారు. "భాయ్, ఇన్నేండ్ల సంది మందివి పగిలినయే బాగ చేసుకుంట వచ్చిన. నా చేత్తోని చేసింది ఒక్కటి నలుగురు కూసొని ఇనాలె. గంతే, ఇంకేం లేదు," అన్నారు.

షోకు వారం ముందు నన్ను పిలిచి వినిపించారు. వాళ్లింట్లో జరిగిన పెళ్లి రికార్డింగు అది. ఆడవాళ్లు డోలక్ కొడుతూ పాడుతున్నారు. ఆ పాడేవాళ్ల ముందు తానే కూర్చుని రికార్డు చేశారట. అది ఎలా ఉండాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

"గాజుల చప్పుడు ఇనొస్తున్నదా భాయ్? డోలక్ మీద చెయ్యి పడ్డప్పుడల్లా?"

నాకు గాజులు వినబడలేదు. "లేదు ఉస్తాద్. పైన దుప్పటి కప్పినట్టుంది. చిన్న స్పీకర్‌ను జర పెంచాలె."

"నాకైతే ఇనొస్తున్నయి గద."

"మీరు రోజంతా డీజే డబ్బాల నడుమ ఉంటరు. చెవులు మొద్దుబారినయేమో," అన్నాను నవ్వుతూ.

ఆయనా నవ్వారు. "హో సక్తా భాయ్, గట్లనే కావచ్చు," అని డబ్బా విప్పారు. చిన్న స్పీకరుకు ఎంత శబ్దం పోవాలో తేల్చే రెసిస్టెన్స్ ఒకటి లోపల ఉంటుంది. దాన్ని తీసి వేరేది పెట్టి టంకం వేశారు. ఇంకా చాలదన్నాను. మళ్లీ మార్చారు. మూడోసారి నాకు గాజులు వినబడ్డాయి. "గిదీ!" అని తొడ చరిచాను. ఆయన తల కొద్దిగా పక్కకు తిప్పుకుని విన్నారు.

షో ఊరికి అవతల ఒక పెద్ద హోటల్లో. మంచాలు తీసేసిన గదుల్లో గదికొక కంపెనీ. ఒక చోట తలుపు రెక్కలంత పల్చటి స్పీకర్లు పెట్టారు. గొంతు గోడ దాటి ఎక్కడో వెనక నుంచి వస్తున్నట్టుంది. ఇంకో చోట పెద్ద బాకాల వంటివి, సన్నాయి మొదలెట్టగానే జనం ఒకరొకరే లేచి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఆ రోజు అన్నిటికన్నా బాగా వినబడినవి అవే. వాళ్లకు రుచి లేదనుకున్నాను.

మూడు దాటాక హెడ్‌ఫోన్ల బల్ల దగ్గరికి వెళ్లాను. అక్కడి అమ్మాయి నాకూ, పక్కనున్న కాలేజీ పిల్లకూ చెరొకటి పెట్టింది. "ఒక కూత వస్తది సార్, సన్నగైతా పోతది. వినొస్తున్నంతసేపు చెయ్యి ఎత్తే ఉంచండి," అంది. ముందున్న ట్యాబులో ఒక చుక్క గీత మీద నడుస్తోంది. సగం దాటిందో లేదో కూత ఆగిపోయింది. చెయ్యి దించాను. పక్కన ఆ పిల్ల చెయ్యి ఎత్తే ఉంది. చుక్క నడుస్తూనే ఉంది. గీత చివరికొచ్చేదాకా ఆ చెయ్యి దిగలేదు.

"నాది లూజున్నట్టుంది, ఒకసారి చూడమ్మా," అన్నాను.

బల్ల దగ్గరి అమ్మాయి నా హెడ్‌ఫోను తను పెట్టుకుని చూసింది. "బాగానే ఉంది సార్," అని ఇంకొకటి ఇచ్చింది. చుక్క అక్కడికి రాగానే కూత మళ్లీ ఆగిపోయింది. "చాలామందికి అట్లనే ఉంటది సార్," అని మెల్లగా అంది. ఆ జాలికి నాకు తల కొట్టేసినట్టయింది.

నా చెవుల సంగతి ఆ క్షణంలోనే నాకు తెలిసిందని రాస్తే అది ఇంకో అబద్ధం. మా షెడ్డుకు ఏటా వైద్య పరీక్షల వ్యాను వస్తుంది. చిన్న గూడులో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడితే బటన్ నొక్కమంటారు. మూడేళ్లుగా నేను నొక్కుతున్నది విని కాదు. అవతలి మనిషి మోచెయ్యి కదలడం అద్దంలో చూసి. ఒక ఏడాది ఆ రిపోర్టు ఫొటో తీసి, "మామూలు చెవులు కావివి" అని గ్రూపులో పెట్టి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

మా గదికి వెళ్లేసరికి నాలుగుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఉస్తాద్ ఇస్త్రీ చేసిన తెల్ల కుర్తాలో ఉన్నారు. స్పీకర్ల మీద లేని దుమ్ము తుడుస్తున్నారు. నన్ను చూడగానే దగ్గరికొచ్చి గొంతు తగ్గించారు.

"భాయ్, ఈ రూమ్‌ల ఇంటుంటే గాజుల చప్పుడు జర గుచ్చుతున్నట్టు అనిపిస్తున్నది. పాత రెసిస్టెన్స్ జేబులనే ఉన్నది. పది నిమిషాల పని. మార్చాల్నా?"

అది నేను చెప్పాల్సిన మాట. ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టారు. మార్చండి అంటే చాలు. కానీ ఎందుకు అని అడుగుతారు. మొన్న బాగుందన్నది ఇవాళ ఎలా బాగాలేదు అంటారు. పక్కన మా గ్రూపువాళ్లు నలుగురున్నారు.

"వద్దు ఉస్తాద్. గట్లనే ఉంచుండ్రి. మస్తుగుంది," అన్నాను.

కుర్చీలన్నీ నిండాయి. డోలక్ మొదలైంది. రెండో దరువుకే ముందు వరుసలో ఒకావిడ కళ్లు చికిలించి చెవికి వేలు అడ్డం పెట్టుకుంది. వెనక ఎవరో "పండ్లు జిల్లుమంటున్నయి" అన్నారు. ఉస్తాద్ సౌండ్ తగ్గించారు. అప్పుడు పాట పోయింది, గాజులు మిగిలాయట. తర్వాత చెప్పారు మా వాళ్లు. పాట సగంలో ఉండగా ఇద్దరు లేచారు, వాళ్ల వెనక ఇంకో నలుగురు. ఆయన నా వైపు చూశారు. నేను బాగుందన్నట్టు తలూపాను.

అరగంటకే గది దాదాపు ఖాళీ అయింది. ఉస్తాద్ మిగిలినవాళ్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "నా చెవులు మొద్దుబారినయి సాబ్. మాఫ్ చేయుండ్రి," అన్నారు. నా మాటే అది, నేను నవ్వుతూ అన్న మాట. నేను అక్కడే ఉన్నాను.

ఆ సాయంత్రం గ్రూపులో నా అభిప్రాయం కోసం అందరూ అడిగారు. రాశాను: "పనితనం గొప్పది. సన్నని శబ్దాలు తీక్షణం. చేసినవారి చెవికి ఇంకా సాధన కావాలి." ఇరవై మందికి పైగా బొటనవేళ్లు ఎత్తారు.

అంతకుముందే, ట్రాలీ ఆటో వెనక బొంతలు చుట్టిన స్పీకర్ల పక్కన ఇద్దరం కూర్చుని వస్తుంటే చార్మినార్ దగ్గర ఆయన జారిన బొంతను సర్దారు. తర్వాత అన్నారు: "నాకు దుకాన్లనే గుచ్చినట్టనిపించింది భాయ్. మీరు బాగుందన్నరు గద. నా చెవులే ఖరాబైనయ్ అనుకున్న. అందరికి గట్లనే గుచ్చింది సూడుండ్రి." అప్పుడైనా చెప్పొచ్చు. "రూమ్ మంచిది కాదు ఉస్తాద్, అద్దాలెక్కువ. దుకాన్ల మస్తుగనే ఉండె," అన్నాను.

ఇప్పుడు ఆ టేకు డబ్బాలు దుకాణం అటక మీదున్నాయి. ఉస్తాద్ కోన్లు మారుస్తూనే ఉన్నారు. కానీ బస్ అనరు. వేళ్లతో నొక్కుతారు, చెవి దగ్గర పెట్టుకుంటారు, పక్కన పెడతారు. ఆదివారం నేను వెళ్లేదాకా ఆగమని గిరాకీలకు చెబుతారు. "నా చెవుల మీద నాకు భరోసా లేదు భాయ్. మీరొకసారి ఇనుండ్రి." నిన్న ఒక చిన్న స్పీకరు నా చెవి దగ్గర పట్టుకున్నారు. నాకేమీ వినబడలేదు. ఆయన నా మొహం వంకే చూస్తున్నారు.

"బాగుంది ఉస్తాద్," అన్నాను. ఆయన దాన్ని కాగితంలో చుట్టి, తీసుకెళ్లడానికి వచ్చినాయన చేతిలో పెట్టారు.

ఇదంతా తెలుగులో రాయగలిగాను. ఉస్తాద్ తెలుగు గడగడా మాట్లాడతారు, చదవడం రాదు.