గోతంలో రెండు స్ప్రింగులు

ఏడో తరగతిలో లెక్కల మాస్టారు నన్ను బెంచీ ఎక్కి నిలబడమన్నారు. అక్కణ్ణుంచి కిటికీ చక్కగా అందింది. దూకేశాను. చదువులో నేను అంతకన్నా ఎత్తుకు ఎదగలేదు.

ఆ బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాడు మాత్రం కాలేజీ దాకా వెళ్లాడు. వాళ్లది పత్తి మిల్లు. ఎనభైల్లో మద్రాసులో రెండు సీట్ల విలాయతీ స్పోర్ట్స్ కారు కొని, తిన్నగా పర్చూరులో నా షెడ్డుకి తోలుకొచ్చాడు.

"ఒరేయ్, ఇది మన రోడ్ల మీదా తిరగాలి, మద్రాసు దగ్గర పాత రన్‌వే మీద పందెంలోనూ తిరగాలి. చేస్తావా?"

"దుక్కికీ బండలాగుడుకీ ఒకటే ఎద్దా?"

"అయితే రెండెడ్లు చెయ్యి. పందెం రోజు కారు పక్కన మెకానిక్కుగా నువ్వే ఉండాలి."

ఆ చివరి మాటకే పడిపోయాను.

నాలుగు నెలలు పట్టింది. రోడ్డు కోసం పాత మెత్తని స్ప్రింగులు అలాగే ఉంచి, పందెం కోసం ముందు చక్రాలకు పొట్టిగా, గట్టిగా ఇంకో జత చేయించాను. అవి వేస్తే కారు నాలుగు వేళ్లు కిందికి దిగుతుంది, మలుపులో ఒరగదు. కానీ వాటితో మన నల్లరేగడి దారిన బయల్దేరితే ఇంకొల్లు చేరేలోపే కారు అడుగు పగులుతుంది. అందుకని స్ప్రింగులు పందెం చోటుకి వెళ్లాకే మార్చాలనుకున్నాం.

కొలతలు పెట్టేటప్పుడు సీట్లో డ్రైవరు బరువుండాలి. వాడికి తీరిక లేదు. వాడి బదులు ఎండుమిర్చి కుక్కిన బస్తాలు, రెండు మిరప టిక్కీలు, కూర్చోబెట్టి, కారుకి రెండు పక్కలా పురికొస లాగి చక్రాలు సరిచేశాను. టిక్కీలు వాడికన్నా బుద్ధిగా కూర్చున్నాయి. తుమ్ములు మాత్రం నా వంతు.

వాడు కాలేజీ స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని పందేనికి ముందురోజే కారులో మద్రాసు వెళ్లాడు. నేను చీరాలలో రైలెక్కాను. ఒళ్లో మిరపకాయలు దులిపేసిన గోతం, అందులో స్ప్రింగులు. ఒంటి మీద ఆ రోజు కోసమే కుట్టించుకున్న ఖాకీ చొక్కా.

రన్‌వే గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. లోపల కారు కనిపించింది.

"ఒరేయ్, వచ్చేశాన్రా!" అని అరిచాను.

వాడు గేటు దాకా వచ్చాడు. వెనకే నల్లకళ్లద్దాల స్నేహితులూ వచ్చారు. గోతం ఘాటుకి ఒకడు తుమ్మి, "ఎవరోయ్ ఇతను?" అన్నాడు.

వాడు నా మొహం చూడలేదు.

"మా చేలో మనిషి. ఇంటి నుంచి మిరపకాయలు పంపినట్టున్నారు." నా వైపు తిరిగి, "అక్కడ పెట్టేసి వెళ్లు" అన్నాడు.

నాలుగు నెలలు నాతో ఒకే క్యారేజీలో అన్నం తిన్నవాడు.

"పొరపాటండీ బాబుగారూ," అన్నాను. "ఈ మిరపకాయలు మీవి కావు."

గోతం భుజానికెత్తుకున్నాను. వెనక నుంచి "ఆగు" అన్నాడు. నన్ను ఆపాలంటే గోతంలో ఏముందో చెప్పాలి. అది చెబితే నేనెవరో చెప్పాలి.

కంచె బయట నిలబడి పందెం చూశాను. మొదటి మలుపులోనే కారు, పత్తి బస్తాలు ఎత్తుగా వేసిన బండిలా పక్కకి ఒరిగింది. ఒక్కొక్కళ్లూ దాన్ని దాటిపోయారు. నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు. నా చేతులే అక్కడ ఒరిగిపోతున్నట్టనిపించింది.

వారం తర్వాత వాడు షెడ్డుకొచ్చాడు. ఏదో ఒక మాట అంటాడని ఎదురుచూశాను.

"స్ప్రింగులేవిరా?" అన్నాడు.

"స్ప్రింగులేంటండీ బాబుగారూ? కారం పట్టించేశాంగా!" అన్నాను. తర్వాత ఉండబట్టలేక అడిగేశాను. "మీ చేలో మనిషినట్రా నేను?"

వాడు టిక్కీలు కూర్చున్న సీట్లోనే కూర్చుని, తుమ్మి, బండి స్టార్ట్ చేస్తూ అన్నాడు.

"నేను మిరపకాయలన్నాను, సరే. ఊళ్లో క్షణం నోరు మూయవు కదా, అక్కడ గోతంలో ఉన్నవి స్ప్రింగులని నువ్వెందుకు చెప్పలేదురా?"