మా అవ్వకు వినబడ్డ ఫ్రెంచి

పోచంపల్లిలో మా బ్యాలే క్లాసు ఆదివారాలు జరిగేది. హైదరాబాదు నుంచి బస్సులో వచ్చే మేడం మమ్మల్ని మునివేళ్ల మీదికి లేపడానికి "రెలెవే" అనేది. అది ఫ్రెంచి మాట. నన్ను తోలుకొచ్చి గోడకానుకుని కూర్చునే మా అవ్వకు మాత్రం అది "లేవే" అనే వినబడేది.

"మేడమైతే ఏంది, గింత ముసలిదాన్ని పట్టుకొని లేవే అంటదా?" అని గొణుక్కుంటూనే మోకాళ్లు పట్టుకుని లేచేది. నిన్ను కాదవ్వా అంటే, "మీరు నిలబడే ఉన్నరు గదనే! కూసున్నది నేనొక్కదాన్నే" అనేది.

వార్షికోత్సవం నాడు హాలు నిండా తల్లిదండ్రులే. ఈ గంతులు నచ్చకపోతే పిల్లల్ని మాన్పిస్తామని ముందే చెప్పేశారు. తెర పక్కనుంచి మేడం "రెలెవే" అంది. ముందు వరుసలో అవ్వ లేచింది. జనగణమన అనుకుని వెనక వరుస లేచింది. చూస్తుండగానే హాలంతా లేచి నిటారుగా నిలబడింది.

ఇంత గౌరవం ఎక్కడా చూడలేదని మేడం వెక్కి వెక్కి ఏడ్చింది. అవ్వకు జాలేసింది.

"ఏడ్వకు బిడ్డా, అందరం లేచినం గద," అంది. "ఇగ జర కూసోమను."